బెల్లం పానకం తాగిన ఈగలు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవన్నీ ముందే చెప్పేస్తాను. రెండు పెట్టెల తేనెటీగలు చచ్చిపోయాయి, మూడో పెట్టెలోవి నాతో మాటమాత్రమైనా చెప్పకుండా లేచిపోయాయి, బుట్టెడు మంచి బెల్లం వృథా అయింది, మా మావయ్య తెల్ల లాల్చీ ఒకటి నేలగుడ్డ అయింది. ఇంట్లోవాళ్ళకి నా మీదున్న నమ్మకం కూడా పోయింది గాని, అది మొదట్లో ఎంత ఉండేదో కచ్చితంగా తెలియదు కనక లెక్కలో చేర్చడం లేదు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. భీమవరంలో చేపల మేత కొట్లో ఉద్యోగం మానేసి, ఆత్రేయపురం దగ్గర మావయ్య కొబ్బరితోటలో నాలుగు తేనెపెట్టెలు పెట్టుకున్నాను. విద్య పుస్తకంలోదే అయినా లెక్క మాత్రం నాదే: ఒక పెట్టె ఏడాదికి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, ఆ వరసన పదేళ్ళకి తోటలో చెట్ల కన్నా నా పెట్టెలే ఎక్కువుండాలి.

శ్రావణంలో ముసురు పట్టింది. పువ్వుల్లో పుప్పొడి కొట్టుకుపోయింది, ఈగలు గడప దాటలేదు. అలాంటప్పుడు పంచదార నీళ్ళు పెట్టాలని పుస్తకంలో ఉంది. నాకు మనసొప్పలేదు. మా వైపు పూతరేకులు కొనేవాళ్ళని చూడండి, "పంచదారవి వద్దండీ, బెల్లంవి ఇవ్వండి, ఒంటికి మంచిది" అంటారు. మనిషి ఒంటికి మంచిది ఈగ ఒంటికి చెడ్డదెందుకవుతుంది? పైగా మన గూట్లో ఉన్నవాళ్ళకి తక్కువరకం పెట్టడం మా ఇంటా వంటా లేదు. అత్తయ్య చేత నల్లబెల్లం కరిగించి, వడగట్టించి, యాలకులు కూడా వేయించి (ఈ ముక్క మా అక్క మొగుడికి, అంటే బావకి, ఇప్పటికీ చెప్పలేదు) నాలుగు పెట్టెల్లోనూ పెట్టాను. చుక్క మిగల్చకుండా తాగాయి. నేను గట్టు మీద కూర్చుని, పెళ్ళిలో వడ్డన చూసే పెద్దమనిషిలా మురిసిపోయాను.

వాన కాస్త తెరిపిచ్చిన పొద్దున, పెళ్ళికి బయలుదేరిన మావయ్య తోట దగ్గర ఆగి కేకేశాడు.

"ఒరేయ్! ఏంట్రా ఇది?"

లాల్చీ నిండా పసుపుపచ్చని మరకలు.

"ఈగలు, మావయ్యా. వాటికి కడుపు బాగాలేనట్టుంది."

మావయ్య లాల్చీ మీది మరకని గోటితో గీకి చూశాడు. "ఈగలకి విరేచనాలా! నీ చేతి భోజనం అలా ఉందన్నమాట. సరే, వినాయకచవితికి ఒక్క పెట్టె బతికున్నా తోటలో ఉండు. లేదంటే మండపేట మిల్లులో నీ మాట చెప్పి ఉంచాను, పొద్దున్నే బస్సెక్కు."

నాకు నవ్వు రాలేదు. పెట్టెల గుమ్మాలన్నీ మరకలు. ఈగలు ఎగరలేక, ఉబ్బిన పొట్టలతో గడ్డిలో పాకుతున్నాయి. మొదటి పెట్టె నిశ్శబ్దమైంది, తరవాత రెండోది. మూడోదాని మూత తీస్తే మైనం తప్ప ఏమీ లేదు. నాలుగోదాంట్లో రాణీ, దాని చుట్టూ దోసెడు ఈగలూ మిగిలాయి. మూతకి చెవి ఆనించి రొద వినబడితే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. చివరికి సిగ్గు చంపుకుని, తేనెపెట్టెల పనిలో నాకన్నా ముందు దిగిన బావకే ఫోను చేశాను.

బావ స్కూటరు దిగుతూనే పెట్టె గుమ్మం వాసన చూశాడు. "బెల్లమా?"

"ఎలా కనిపెట్టారండి?"

"పోయినేడు నేనూ అదే పెట్టాను. రెండు పెట్టెలు పోయాయి. మీ అక్కకి చెప్పావో, చంపేస్తాను."

బెల్లంలోని మడ్డి ఈగకి అరగదనీ, వానకి బయటికి పోలేక కడుపులోనే కుళ్ళుతుందనీ చెప్పాడు. పంచదార తీపి శక్తికి సరే గాని పిల్లల్ని పెంచడానికి పుప్పొడి కావాలన్నాడు. దాచిన పుప్పొడి ముద్ద తెచ్చాడు. అట్టపెట్టెలో, తన పెట్టెల్లోంచి తీసిన పట్టు చట్రాలు రెండు, ఈగలతో సహా తెచ్చాడు.

"వీటికి తోడు కావాలిరా" అన్నాడు.

ఒంటరివైపోయాయి కనక తోడు తెచ్చాడనుకున్నాను. కాని కొత్త గూటి ఈగలంటే ఇవి ఊరుకోవు, అవి మా రాణిని కూడా కుట్టి చంపేయొచ్చు. అందుకే పెట్టెలో రెండు జట్ల మధ్య పాత పేపరు ఒకటి అడ్డం పెట్టాం, దాన్ని కొరికేలోగా ఒకరి వాసన ఒకరికి అలవాటవ్వాలని. పొద్దుగూకేవేళకి లోపల రొద రెట్టింపైంది. "అది కొట్లాటాండి, పలకరింపాండి?" అంటే, "పొద్దున్న చూద్దాం" అన్నాడు బావ. చవితి ఎల్లుండే.

తెల్లవారి చూస్తే గుమ్మం ముందు పేపరు తురుము. చచ్చిన ఈగ ఒక్కటీ లేదు. రెండు వైపులవాళ్ళూ పేపరు కొరుక్కుని కలిసిపోయారు. రాణి చట్రం మీద తీరుబడిగా నడుస్తోంది. మావయ్య వచ్చి, దూరంగా నిలబడి (ఈసారి పాత చొక్కాలో) "బతికిందా?" అన్నాడు. "ఆయ్" అన్నాను.

ఇప్పుడు నాకు చత్వారం వచ్చింది, పెట్టెలు మాత్రం తోటలో చెట్లని దాటలేదు. అప్పుడే పుట్టిన ఈగ కడుపులో ఏమీ ఉండదట. పెద్ద ఈగలతో మెలిగి కడుపుకి కావలసిన సూక్ష్మజీవుల్ని తెచ్చుకుంటుందట. తిండి చెడితే ముందు చెదిరేవి అవేనట. ఇది ఈమధ్యనే చదివాను. బావ అన్న తోడు అసలు ఏ తోడో అప్పుడు అర్థమైంది: పాలలో వేసే తోడు! మొన్న వాళ్ళింట్లో భోజనాల దగ్గర చెప్పాను.

"చట్రాలు తిరిగిచ్చేశాను, ఈగలకి ఈగల్నీ ఇచ్చాను. తోడు బాకీ ఉండిపోయిందండి."

"ఎంతేంటి?"

కంచం పక్కన వేలితో లెక్క కట్టాను: చట్రానికి ఇన్ని ఈగలు, ఈగ కడుపుకి ఇన్ని సూక్ష్మజీవులు. ఆ ఇరవై నాలుగేళ్ళ కుర్రాడైతే చివరి అంకె దాకా తేల్చేవాడు, పాపం. నేను మాత్రం ఎంత తక్కువలో వేసినా, బావకి ఇప్పటికీ కొన్ని వేల కోట్లు బాకీ.