చల్లారిన టంకం

బోర్డులావిడ ఇల్లెక్కడంటే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. పాత టీవీల్లోంచి, ఫోన్లలోంచి ఊడదీసిన బోర్డులు బస్తాల కొద్దీ ఆమె వరండాలో దిగుతాయి. పొయ్యి మీద పెనం పెట్టి, దాని మీద బోర్డు బోర్లిస్తుంది. భాగాల్ని బోర్డుకి అతికించిన టంకం కరగగానే పట్టకారుతో వాటిని పీకి, మిగిలిన టంకాన్ని డబ్బాలోకి దులుపుతుంది. పదేళ్ళుగా ఇదే పని. తన పనితనానికి ఎవరైనా వంక పెడితే ఊరుకునే మనిషి కాదు.

ఆమె భయమంతా నిప్పుతోనే. ఒకసారి బోర్డుకి అంటుకుని ఉన్న ఉబ్బిన బ్యాటరీ ఒకటి పెనం మీద భగ్గుమని, మోచేతి దాకా చర్మం ఊడొచ్చింది. అప్పట్నుంచి ఐదేళ్ళ కూతుర్ని పొయ్యి ఛాయలకు రానివ్వదు. ఊరికే కూర్చోమంటే పిల్ల కూర్చుంటుందా? అందుకని గడ్డకట్టిన టంకం చుక్కలు దోసెడు గుమ్మంలో పోసి, లెక్కపెట్టుకోమనేది. చల్లారినవే కదా, కాలవని ధీమా. పిల్ల వాటిని బుగ్గన పెట్టుకుని, ఒక్కొక్కటే ఉమ్ముతూ వందదాకా గడగడా లెక్కపెట్టేది. తన చేతులకంటిన మసి దాని చేతులకు అంటకూడదని, దాన్ని చదివించి తీరాలని తల్లి పంతం.

ఏడాది తిరిగేసరికి పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరగసాగింది. వీధి చివర డాక్టరు ఇంట్లో సీసం పనేమైనా చేస్తారా అని అడిగాడు. సీసమన్నదే తమ గడప తొక్కలేదని ఆవిడ ఒట్టేసి మరీ చెప్పింది. అబద్ధం కాదు, ఆ పని చేసేవాళ్ళెవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. ఆయన రక్తపరీక్ష మానేసి టానిక్ రాసిచ్చాడు. మరి ఏం పని చేస్తావమ్మా అని ఇంకొక్క మాట అడిగితే ఆ మహానుభావుడి నోటి ముత్యాలు రాలిపోతాయి కాబోలు.

ఆ తర్వాత పిల్ల లెక్క నలభై దగ్గర ఆగింది. కొన్నాళ్ళకు ఇరవై దగ్గర. తల్లి అది బద్ధకమనుకుంది. గరిటె కాడతో వీపు చిట్లగొట్టి, వంద వచ్చేదాకా లేవడానికి వీల్లేదని రోజంతా ఆ చుక్కల ముందే కూర్చోబెట్టేది. తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఎవరి మీద రగలాలో మాత్రం తెలియదు.

ఫిట్స్ వచ్చాక పెద్దాసుపత్రికి ఎత్తుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, పిల్ల దేంతో ఆడుకుంటుందని అడిగింది. టంకం చుక్కలతోనని, నిప్పు దగ్గరికి మాత్రం ఏనాడూ పోనివ్వలేదని ఆవిడ చెప్పింది.

"టంకంలో ఉండేది సీసమేనమ్మా, అదే పిల్ల మెదడుకెక్కింది," అంది డాక్టరమ్మ.

మందులిస్తే తెలివి తిరిగొస్తుందా అని ఆవిడ అడిగింది. ఒంట్లో చేరిన విషం కొంత దిగుతుందని, పోయిన తెలివి మాత్రం రాదని డాక్టరమ్మ చెప్పింది.

"కొడితే వస్తుందనుకున్నానండీ."

కొట్టడమన్న మాట చెవిన పడగానే బల్ల మీది పిల్ల గబగబా లేచి కూర్చుంది. చేతులు కట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని చెప్పి, ఆ తర్వాతేమిటో తెలియక తల్లి చేతివైపు చూస్తూ ఉండిపోయింది.