ఏం తీశావమ్మా?

మా ఆయన వరప్రసాదానికి స్విచ్ అంటే భయం. మోటార్లు బాగుచేసే మనిషికి స్విచ్ అంటే భయమేమిటని మీరు నవ్వవచ్చు. తెనాలిలో మా వైండింగ్ షాపుకి వచ్చేవాళ్లలో సగంమంది నవ్వుకుంటూనే వెళ్తారు. కాయిల్ చుట్టడం, వార్నిష్ పోయడం, వైర్లు కలపడం అన్నీ ఆయనే చేస్తారు. చివర్లో పక్కకి జరిగి "లక్ష్మీ" అని నన్ను పిలుస్తారు. స్విచ్ వేసేది నేను. పదకొండేళ్లుగా ఇదే వరస.

అంతకుముందు ఆయన ఇలా లేరు. పొన్నూరు దగ్గర ఒక రైసు మిల్లులో మోటారు బిగించి, బోర్డు దగ్గర నిలబడి, "తీశారా?" అని కేకేశారు. మా పనిలో ఆ మాటకి ఒకటే అర్థం, చేతులు తీశారా అని. లోపల బెల్టు దగ్గరున్న మిల్లు పనివాడు రామకృష్ణ "తీశా" అన్నాడు. ఈయన స్విచ్ వేశారు. రామకృష్ణ కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

తీశానన్నవాడి చెయ్యి బెల్టులో ఎందుకుందో ఆ రోజు అడిగే స్థితిలో ఎవరూ లేరు. తర్వాత అడగడానికి ఈయనకి మొహం చెల్లలేదు. తనే సరిగ్గా వినలేదేమో, వాడు "ఆగు" అన్నాడేమో అని నిద్రలో కూడా గొణిగేవారు. నేను మాత్రం రామకృష్ణనే తిట్టుకునేదాన్ని. అబద్ధమాడి మా ఆయన బతుకుని నాశనం చేశాడని నా కడుపుమంట.

మొన్న గురువారం బాపట్ల నుంచి పొద్దుటి రైలుకి బిందు అనే అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న పూర్ణచంద్రరావు గారి పొలం మోటారు ఎప్పుడు కాలినా మా దగ్గరికే వస్తుంది. ఈ పిల్ల ఇంజనీరింగు చదువుతోంది. చేతిలో మిఠాయి డబ్బా, డబ్బాలో టిఫిన్ ప్లేటంత డ్రోన్. పొలాల్లో మందు కొట్టేవి చూశాను గానీ, పందాలకి ఎగరేసేవి కూడా ఉంటాయని నాకు తెలియదు.

"ఆదివారం రేపల్లెలో పోటీ ఉంది బాబాయ్. కొబ్బరిచెట్టుకి కొట్టేశా, రెండు మోటార్లు పోయాయి. కొత్తవి తెచ్చి నేనే సోల్డరింగ్ చేశా, నిలవట్లేదు."

"మీ కాలేజీలో చేసేవాళ్లు లేరా అమ్మా?"

"అబ్బాయిలు చేస్తామన్నారండి. చేసిచ్చి, రేపు గెలిస్తే అంతా తమ ఘనతేనని చెప్పుకుంటారు. నాకొద్దు."

ఆ పొగరు నాకు నచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని డ్రోన్‌ని తిప్పి చూశారు. ఒక్కో మోటారుకి మూడేసి సన్నటి వైర్లు. ఆయన మొహం వెలిగింది.

"ఇది మన త్రీ ఫేజే గదే! మీ నాన్న బోరు మోటారూ ఇంతేనమ్మా. రివర్సు తిరిగితే ఏ రెండు వైర్లు మార్చినా సరిపోద్ది."

కానీ బోరు మోటారుకి వేలు పట్టేంత బోల్టులుంటాయి. ఇక్కడ వైరు అతికించాల్సిన చోటు బియ్యపు గింజంత, దాన్ని ఆనుకునే ఇంకొకటి. అతుకు కోసం కరిగించిపోసే లెడ్ చుక్కలు రెండు ఒకదాన్నొకటి ముట్టుకుంటే బోర్డంతా కాలిపోతుందని, ఆదివారంలోగా ఇంకో బోర్డు దొరకదని బిందు చెప్పింది. ఆమె వేసిన లెడ్ మెరుపు లేకుండా బూడిదరంగులో ఉంది. ఆయన పట్టకారుతో లాగితే వైరు ఊడి చేతికొచ్చింది.

పాత లెడ్ తీసేసి, లెడ్ బాగా అంటుకోవడానికి పేస్టు రాసి, వైరూ బోర్డూ రెండూ వేడెక్కేదాకా ఓపిగ్గా కాచి, అప్పుడు లెడ్ అందించారు. ఆరు వైర్లూ అయ్యేదాకా మేం ముగ్గురం గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు.

నేరుగా బ్యాటరీ ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆటో హెడ్‌లైటు బల్బొకటి మధ్యలో కలిపారు. బల్బు వెలిగి ఆరితే క్షేమం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో ముట్టుకున్నట్టు. అలవాటు ప్రకారం బ్యాటరీ నాతోనే కలిపించారు. బల్బు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. రెక్కలు లేకుండానే మోటార్లు మెల్లగా తిప్పి చూస్తే ఒకటి రివర్సు తిరిగింది. ఆయన నవ్వి, రెండు వైర్లు మార్చి అతికించారు.

ఇక రెక్కలు బిగించి అసలు బలంతో తిప్పి చూడాలి. పెరట్లో బట్టలుతికే బండకి డ్రోన్‌ని తాడుతో కట్టించారు ఆయన. మోటార్ల శబ్దం దగ్గర్నుంచి వినాలని బిందు రిమోటు నాకిచ్చింది. దాని మీద రెండు పక్కలా బొటనవేళ్లతో ఆడించే చిన్న పుల్లలున్నాయి.

"ఈ మూలనున్న స్విచ్ ముందుకి నెట్టండి పిన్నీ, రెక్కలు మెల్లగా తిరుగుతాయి. ఇంకేం ముట్టుకోవద్దు."

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. డ్రోన్‌కీ నాకూ మధ్య ఆయన వీపు అడ్డం. ఆ రెక్కల అంచులు కత్తిపీటల్లా ఉన్నాయని అంతకుముందే తడిమి చూశాను. రిమోటుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.

"తీశారా?" అన్నారాయన.

"తీశానండి" అంది బిందు.

నేను స్విచ్ నెట్టేశాను.

ఏమీ కాలేదు. రెక్క కదల్లేదు. ఆ క్షణంలోనే ఆయన గొంతు చించుకుని అరిచారు.

"లక్ష్మీ, ఆగు! ఏం తీశావమ్మా?"

"బల్బండి. తీసేసి బ్యాటరీ నేరుగా కలిపా" అంది బిందు. ఆయన పక్కకి జరిగారు. అప్పుడు కనిపించింది నాకు. ఆ పిల్ల నాలుగో రెక్క నట్టు బిగిస్తోంది. రెక్కల మధ్యలో మూడు వేళ్లున్నాయి.

స్విచ్ ఎప్పుడు వెనక్కి లాగానో నాకే తెలియదు. ఆయన మట్టిలో కూలబడి, దగ్గరికెళ్లిన నా పమిటంచు పట్టుకుని మొహం తుడుచుకున్నారు.

"వాడూ ఏదో తీసే ఉంటాడే" అన్నారు. "రామకృష్ణ అబద్ధమాడలా. నేనే అడగలా."

తర్వాత బిందు రిమోటు తీసుకుని తనే తిప్పి చూసుకుంది. నాలుగు మోటార్లూ ఒక్క గొంతుతో పాడాయి. సాయంత్రం ఆమెని వీధి చివరిదాకా సాగనంపుతూ, ఎందుకో తెలుసుకోవాలనిపించి అడిగాను.

"ఆ స్విచ్ నెట్టినా ఒక్కోసారి తిరగదా అమ్మా?"

"ఎడంపక్క పుల్ల పూర్తిగా కిందికి లేకపోతే తిరగదు పిన్నీ. జాగ్రత్త కోసం అలా పెడతారు. ఏంటి, ఎందుకు?"

"ఊరికే."

భయంతో బిగించి పట్టుకున్న నా ఎడమ బొటనవేలు ఆ పుల్లని పైకి నెట్టే ఉంచింది. ఆ పిల్ల వేళ్లని కాపాడింది ఆయన కేక కాదు, నా తెలివి అంతకన్నా కాదు.

మర్నాడు ఆయన పొన్నూరు వెళ్లొచ్చారు. బెల్టు కదలకుండా పెట్టిన చెక్క ముక్క తీశానన్నాడట రామకృష్ణ. పదకొండేళ్లూ ఆ ఒక్క మాట అడగడానికైనా రాలేదేం, అన్నా అని వాడు ఏడ్చాడట. ఆ రాత్రి మా ఆయన గొణగకుండా నిద్రపోయారు. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఆదివారం రేపల్లె నుంచి బిందు ఫోన్ చేసింది. మూడో స్థానం వచ్చిందని గోలగోలగా చెప్పింది. "వేళ్లు బాగున్నాయా?" అని అడిగాను. నవ్వింది.

ఇప్పుడు స్విచ్ ఆయనే వేస్తున్నారు. ముందు "ఏం తీశారు?" అని అడుగుతారు. "చెయ్యి" అన్న మాట చెవినపడితేనే వేస్తారు. ఆ పిల్లని తనే కాపాడానని ఆయన నమ్మకం, కేకకి ముందే స్విచ్ నెట్టేశానని నేను చెబితే అది పోతుంది. నిన్న చేతిలో పనుండి "లక్ష్మీ, నువ్వెయ్యి" అన్నారు. బోర్డు దాకా వెళ్లాను. చెయ్యి పైకి లేవలేదు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి లోపలికొచ్చేశాను.