ఒక్క ఉలి పని

తెల్లవారుజామున ఆళ్లగడ్డలోని మా శిల్పశాలలో దేవుళ్ళందరూ ఇంకా నిద్రలోనే ఉంటారు. వెలుతురు పడేకొద్దీ ముందు ముక్కులు, తర్వాత పెదవులు కనబడతాయి. కళ్ళు మాత్రం ఉండవు, వాటిని మేము చివరన చెక్కుతాం. రాతిపొడి గాలిలో తేలుతుంటే, మేలుకుని ఉన్నానో కలలో ఉన్నానో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు రాయి కోసే మిషన్లు వచ్చి పగలంతా చెవులు తినేస్తున్నాయి. అయినా ముఖం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ ఉలీ సుత్తే.

నొప్పి ఉన్న చెయ్యి దేవుడి కంటి మీద పెట్టకూడదని మా నాయన నియమం. చేతి బాధ చూపులోకి దిగుతుందట. ఆయన పోయాక కూడా నేను ఆ మాట జవదాటలేదు.

ఒక ఎండాకాలం బండ దొర్లిస్తుంటే నా కుడి మోచెయ్యి మెలికపడింది. వాపు పోయింది, నొప్పి పోలేదు. చూపించుకున్న చోటల్లా చేతికి పని చెప్పొద్దన్నారు. పని చెప్పకుండా కూర్చున్నా అది నొస్తూనే ఉంది. అప్పటికి బనగానపల్లె దగ్గరి ఒక ఊరి అమ్మవారు, కళ్ళు తప్ప అన్నీ పూర్తయి, తెల్లగుడ్డ కింద నిలబడి ఉంది. ప్రతిష్ఠలోపు నా వల్ల కాకపోతే కళ్ళు వేరే శిల్పితో పెట్టించుకుంటామని ఊరి పెద్దలు మర్యాదగానే చెప్పి వెళ్ళారు. బిడ్డను మనం కని పేరు పక్కింటివాళ్ళతో పెట్టించినట్టు.

నంద్యాలలో నొప్పులకే ప్రత్యేకంగా చూసే డాక్టరమ్మ ఉందంటే బస్సెక్కాను. దారి పొడుగునా నల్లమల నీలంగా నా కిటికీ పక్కనే వచ్చింది. కునుకు పట్టినప్పుడల్లా ఆ కొండలో ఏదో ముఖం కనబడేది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి మెలకువ వచ్చేది.

ఆమె నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దెబ్బ ఎప్పుడో మానిందన్నా. నొప్పి మానలే."

"దెబ్బ మానితే నొప్పి యాడ్నుంచి వస్తాందమ్మా, ఆకాశం నుంచా?"

ఆమెకు కోపం రాలేదు. "దొంగ పోయినా కుక్క మొరుగుతాంటాది చూడు, అట్ల. నీ నరాలు ఇంకా కావలి కాస్తాండాయి. చెయ్యి కదపకుండా పెట్టేకొద్దీ వాటికి అనుమానం ఎక్కువైతాది. కొంచెం కొంచెంగా పని చేయించి నమ్మించాల."

నొప్పి మీద ఈ మధ్య జరిగిన పరిశోధనలన్నీ ఇదే చెబుతున్నాయట. ఒక రబ్బరు బంతి ఇచ్చి, ఇన్ని నిమిషాలు నొక్కు, ఇన్ని నిమిషాలు ఆగు అంది. ఇల్లు చేరి ఆ బంతిని గూట్లో పెట్టాను. మోచెయ్యి నాదైతే కుక్క కథలు నాకెందుకని రుసరుసలాడాను.

తర్వాత ఒక ఆదివారం ఆమె అహోబిలం పోతూ మా శిల్పశాల ముందు కారు ఆపింది. బంతి సంగతి అడగలేదు. "పని ఎట్ల చేస్తావో చూపియ్యన్నా" అంది.

చాన్నాళ్ళకు సుత్తి పట్టాను. టంగుమన్న మొదటి దెబ్బకే ఒళ్ళంతా తేలికైంది, ఆమె ఎదురుగా ఉన్న సంగతి కూడా మరిచిపోయాను. మా పక్కన ఎప్పుడూ ఉలుల కట్ట ఒకటి ఉంటుంది. ఒకటి మొద్దుబారితే పక్కన పడేసి ఇంకోటి అందుకుంటాం. కట్టంతా మొద్దుబారాకే పదును పెట్టడానికి కొలిమికి లేస్తాం. రెండో ఉలి అందుకోబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎప్పుడు ఆపుతావన్నా?"

"కట్ట అయిపోయినాక."

"నొప్పొస్తే?"

"నొప్పికి లేచేటోడు శిల్పి యెట్లయితాడు మేడమ్?"

"మరి మరుసటి దినం?"

సుత్తి కింద పెట్టాను. మోచెయ్యి కాస్త నయంగా ఉన్న రోజున కట్టంతా కొట్టేవాణ్ణి, ఆ తర్వాత వారమంతా పడుకునేవాణ్ణి.

ఆమె మొద్దుబారిన ఉలిని చేతిలోకి తీసుకుని చూసింది. "నేను చదివింది నిజమే, నిమిషాల లెక్కే నీ పనికి అతకలే. ఈడ గడియారం యాడుంది? ఇంక రోజుకు ఒక్క ఉలి. నొప్పున్నా ఒక్కటే, లేకున్నా ఒక్కటే. బాగున్న దినం రెండోది ముట్టొద్దు."

అది నాకు అర్థమైంది. ఒక్క ఉలి మొద్దుబారగానే లేచేవాణ్ణి. బాగున్న రోజున లేవడమే నరకంగా ఉండేది. కొన్ని వారాలకు ఆమె రెండో ఉలికి ఒప్పుకుంది. మళ్ళీ నంద్యాల పోయినప్పుడు, పత్తి ఏరే ఒకామెతో ఆమె అంటోంది: "ఒక్క సాలు ఏరి గట్టెక్కమ్మా. బాగున్న దినం కూడా అంతే." నా ఉలికే చీర కట్టినట్టు అనిపించి నవ్వుకున్నాను.

నొప్పి పలచబడింది. పూర్తిగా ఎప్పుడు పోతుందని అడిగాను.

"పోకపోవచ్చన్నా" అంది, కళ్ళలోకి చూసి.

ప్రతిష్ఠ దగ్గరపడుతోంది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, కళ్ళు వేరేవాళ్ళే పెట్టనీ అని మా అమ్మ ముందు కూలబడ్డాను. నాయన నియమం గుర్తు చేశాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"నొప్పి లేని చెయ్యి మీ నాయనకు యాడిది రా? దినామూ తలుపేసి ఆముదం రుద్దింది నేను గాదా. ఆ చేత్తోనే అన్ని కండ్లూ తెరిచినాడు."

"మరి నాకట్ల ఎందుకు చెప్పినాడు?"

"పిల్లోనివి. వేళ్ళు వాచిపోయినా సుత్తి దించవైతివి. తిట్టినా వినకపోతివి. దేవుని పేరు చెప్తే పండుకుంటావని చెప్పినాడు."

ఆమె మళ్ళీ బియ్యం ఏరడంలో పడింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఆ ఒక్క రోజుకి పడుకోబెట్టాలనుకున్నాడు, నేను అన్నేళ్ళు దాన్ని మోశాను.

మర్నాడు వెలుతురు ఇంకా బూడిద రంగులో ఉండగానే అమ్మవారి మీది గుడ్డ తీశాను. కళ్ళ పని కాబట్టి మళ్ళీ ఒక్క ఉలి చాలనుకున్నాను. మోచెయ్యి నొస్తూనే ఉంది. కనురెప్ప, దాని కింద నల్లగుడ్డు, నెమ్మదిగా నెమ్మదిగా వచ్చాయి. ఎడమ కన్ను పూర్తయ్యేసరికి ఉలి మొద్దుబారింది. అమ్మవారు ఆ ఒక్క కంటితో నన్ను చూస్తోంది. ఆ చూపులో నొప్పి కోసం వెతికాను. ఏమీ లేదు, ఆముదం రుద్దేటప్పుడు మా అమ్మ ఇట్లాగే చూసి ఉంటుందనిపించింది.

చెయ్యి దానంతటదే కట్ట వైపు పోయింది. రెండో ఉలి వేళ్ళకు తగిలింది కూడా. వదిలేసి, గుడ్డ కప్పాను.

"రేపొస్తా, తల్లీ" అన్నాను. ఆ చేతిని నమ్మి రేపు అనే మాట అనడం చాన్నాళ్ళకు అదే మొదలు.