తండ్రి చేతిలో తువ్వాలు

ఫిలిప్పీన్స్‌లోని సెబూలో మా పత్రికకు తెబాన్ అన్న ముప్పై ఏళ్లుగా బాక్సింగ్ వార్తలు రాస్తున్నాడు. మనుషులు చాలక మొదటి పేజీ శీర్షికలు కూడా ఆయన నెత్తినే పడ్డాయి. అప్పటి నుంచి ఊళ్లో ఎవరు వెనక్కి తగ్గినా ఒకటే మాట. కౌన్సిలర్ నామినేషన్ ఉపసంహరించుకుంటే ‘తువ్వాలు విసిరాడు’. రేవులో సమ్మె ఆగిపోతే ‘తువ్వాలు విసిరారు’. మోకాళ్ల నొప్పితో ఒక ముసలి చర్చి ఫాదర్ ఊరేగింపులో నడవకపోయినా అదే. నేను ఫొటోలు తీసేదాన్ని, నాకెందుకులే అని నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అసలు ఆ మాట బాక్సింగ్ బరిలోది. తన కుర్రాడు ఇక తట్టుకోలేడని తెలిస్తే శిక్షకుడు మెడలోని తువ్వాలు బరిలోకి విసురుతాడు, రిఫరీ పోటీ ఆపేస్తాడు. పక్కనే మందావేలో ఉండే కార్డో తన కొడుకు జున్‌రేకి తనే శిక్షకుడు. మార్చిలో ఒక పోటీలో జున్‌రే కనుబొమ చిట్లి రక్తం కారుతుంటే మూడో రౌండులోనే తువ్వాలు విసిరాడు. మంచి పనే చేశాడు. తెబాన్ అన్న మాత్రం చేతి అలవాటు కొద్దీ, కౌన్సిలర్లను ఎగతాళి చేసినట్టే, ‘తండ్రే తువ్వాలు విసిరాడు’ అని పెద్దక్షరాల్లో పెట్టాడు. మర్నాడు వాడవాళ్లు కార్డో కంచె నిండా పాత తువ్వాళ్లు ఆరేశారు. రొట్టెలు కొనబోతే, వాటితో పాటు ఓ తువ్వాలు కూడా చుట్టివ్వమంటావా అని బేకరీవాడు అడిగాడట. అన్నకేమో ఏమీ అర్థం కాలేదు. విసిరాడు కదా, నేను రాసిందాంట్లో తప్పేముంది అని కనిపించిన వాళ్లందరినీ అడుగుతూ తిరిగాడు.

ఆగస్టులో పండగ పోటీలు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం, ఆరో రౌండు. జున్‌రే చేతులు కిందికి జారిపోయాయి, తల దెబ్బ దెబ్బకీ వెనక్కి ఊగుతోంది. కార్డో తువ్వాలు పిడికిట్లో పట్టుకున్నాడు గానీ విసరలేదు. పక్కనే విలేకరుల బల్ల దగ్గరున్న మావైపు తిరిగాడు.

"రేపు ఏం రాస్తావు, తెబాన్ అన్నా?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. తెబాన్ అన్నేమో ఆటలో విలేకరి వేలు పెట్టకూడదని ముప్పై ఏళ్లుగా నమ్మిన మనిషి. ఏం చెప్పాలో, అసలు చెప్పవచ్చో లేదో తోచక కలం వైపు చూశాడు. నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను.

"విసిరెయ్‌రా. ఏమీ రాయను," అన్నాడు చివరికి.

తువ్వాలు బరిలో పడేసరికి జున్‌రే అంతకు ముందే పడిపోయి ఉన్నాడు.

బతికాడు. కుడి కన్ను పోయింది. ఆసుపత్రిలో కార్డో తెబాన్ అన్నను ఒక్క మాట అనలేదు, కూర్చోమని కుర్చీ కూడా జరిపాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఏమీ అనకపోవడంతో తనను క్షమించాడనుకోవాలో ఏమనుకోవాలో తెలియక అన్న సగమైపోయాడు.

ఇప్పుడు రోజూ కాఫీ వేళకు నా బల్ల దగ్గరికి వస్తాడు.

"ఇండాయ్, వాడు అడిగాక నేను ఎంతసేపు ఆగానే?"

"వెంటనే చెప్పావన్నా."

నమ్మాలో వద్దో తేల్చుకోలేక కాసేపు నా ముఖం చూసి వెళ్లిపోతాడు. నా కెమెరాలో ప్రతి ఫొటోకీ సమయం నమోదవుతుంది. కార్డో మావైపు తిరిగిన ఫొటోకీ, తువ్వాలు గాల్లో ఉన్న ఫొటోకీ మధ్య పదకొండు సెకన్లు. ఆలోపు జున్‌రే ముఖానికి ఆరు దెబ్బలు తగిలాయి. ఈ అబద్ధంతో ఆయన్ని కాపాడుతున్నానో, నన్ను నేను కాపాడుకుంటున్నానో నాకే తెలియడం లేదు. ఆ పదకొండు సెకన్లూ నాకూ నోరుంది.