ఎవరి సాలు వాళ్ళది

2024 జనవరి. గుంటూరు నుంచి పర్చూరు వైపు పోయే దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక మిరప ఊళ్ళో ఎస్జీటీగా పనిచేస్తున్నాను. ఎస్జీటీ అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ అని పెద్ద పేరే గానీ, మేం చదువు చెప్పేది ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న చిన్నపిల్లలకి. నాలుగో తరగతి చూసే టీచరమ్మ ప్రసూతి సెలవు మీద వెళ్ళడంతో ఆ క్లాసు ఆ నెలలోనే నా చేతికి వచ్చింది.

మిరప కోతల కాలంలో మా బడి సగం నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. పొద్దున బెల్లు కొట్టే వేళకి కూడా మంచు విడవదు. ఆ మంచులో కోతకూలీలు చేలల్లోకి దిగుతుంటే మనుషులు కనపడరు, మాటలు మాత్రం వినపడతాయి. మధ్యాహ్నానికి ఎండెక్కి, కల్లాల్లో ఆరబోసిన కాయల ఘాటు మెల్లగా తరగతి గదిలోకి వస్తుంది. ఒకడు తుమ్మితే ఇక అందరూ అందుకుంటారు. కిటికీలోంచి చూస్తే దూరంగా నేలంతా ఎర్రగా, ఎండకి కదులుతున్నట్టు ఉంటుంది. చూస్తుంటేనే కళ్ళు మూతలు పడతాయి. పిల్లల్ని ఏమని తిడతాం, నాకే ఆవలింతలు.

అలాంటి ఒక పొద్దున వెంగమ్మ వచ్చింది. కనిగిరి అవతల మెట్ట ఊరు వాళ్ళది. ఆ కాలంలో అక్కడ పని దొరకదు కాబట్టి ఏటా అమ్మానాన్నలు మిరప కోతలకి ఇటు వచ్చి, చేల గట్ల మీద టార్పాలిన్ పట్టాలతో గుడిసెలు కట్టుకుని ఉంటారు. పిల్లా వాళ్ళతోనే. కొన్నాళ్ళు వాళ్ళ ఊరి బడి, కొన్నాళ్ళు ఎక్కడ కోతుంటే అక్కడి బడి. ఈ కాలంలో ఆ పేరేంటని క్లాసులో పిల్లలు నవ్వితే, "మా అవ్వ పేరు. మీ అవ్వలకి పేర్లు లేవా?" అంది. నాకు అప్పుడే నచ్చేసింది.

బడిలో చేర్చడానికి వచ్చిన తండ్రి మాలకొండయ్య గుమ్మం బయటే ఆగిపోయాడు.

"లోపలికి రావయ్యా" అన్నాను.

"ఒద్దులే మేడం. నా గుడ్డలన్నీ ఘాటు. పిలకాయలు దగ్గుతారు."

అక్కడే నిలబడి అసలు సంగతి చెప్పాడు. వేసవిలో గురుకులం పరీక్ష ఉందట. అందులో సీటొస్తే పిల్ల హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. "రాకపోతే మాత్రం ఇంక నా వల్ల గాదు మేడం. ఈడ కొన్నాళ్ళు, ఆడ కొన్నాళ్ళు, అదేం చదువు? మాతోపాటే సాలు పట్టిస్తా." మిరప చేలో ఒక వరసని సాలు అంటారు. కూలి మనిషి ఒక సాలు పట్టిందంటే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఆ కాయలు కోసే పూచీ ఆవిడదే.

"తొమ్మిదేళ్ళ పిల్లకి సాలేంటయ్యా, బుద్ధుందా నీకు?" అనేశాను. నా నోరు అంత మంచిది కాదు.

అతనికి కోపం రాలేదు. "బుద్ధుండబట్టే గదా మేడం, మీకాడికి తెచ్చింది" అన్నాడు.

మా హెచ్ఎం గారు, అంటే హెడ్మాస్టారు, చాలా మంచి మనిషి. కాకపోతే ఆయన దగ్గర ఏ రోగానికైనా ఒకటే మందు, ఇంకో గంట. "రోజులు పోగొట్టుకున్న పిల్ల కదా మేడం. రోజులు కలపాలి. సాయంత్రం ఎక్స్‌ట్రా అవర్, ఆదివారం ఒక పూట. అసలు నన్నడిగితే ఈ వేసవి సెలవులే దండగ" అన్నారు.

"కింద మంట లేకుండా ఎంతసేపు పొయ్యి మీదుంచినా పప్పు ఉడకదండీ" అన్నాను.

"మంటున్నా టైము పడుతుంది కదా? మీరు వంట చెయ్యరా ఏంటి?"

సరేనని ఎక్స్‌ట్రా అవర్ మొదలుపెట్టాను.

అసలు చిత్రమేమిటంటే, మొదట్లో వెంగమ్మకి ఏ సాయమూ అక్కర్లేదనిపించింది. మా ప్రాథమిక బడుల్లో కోరస్ రీడింగ్ అని ఒక పద్ధతి ఉంది. టీచర్ ఒక ముక్క చదివితే క్లాసంతా గొంతెత్తి దాన్నే అంటుంది. "అర్థమైందా?" అంటే "అయిందండీ" అని కూడా కలిసే అంటారు. బయట రోడ్డు మీద పోయేవాళ్ళకి ఆహా, ఎంత బాగా చదువుతున్నారో అనిపిస్తుంది. ఆ గుంపులో వెంగమ్మ గొంతు అందరికంటే చక్కగా, ఖణీమని వినపడేది. చూపు మాత్రం ఎప్పుడూ కిటికీలోనే. ఆ ఎర్రటి కల్లాల వైపు చూస్తూ పాఠం అప్పజెప్పేది. ఏదో లోకంలో ఉంది, పోనీలే అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం గాలి లేచింది. బల్లల మీద పుస్తకాలు రెపరెపలాడాయి. అందరూ చేతులు అడ్డం పెట్టుకుని ఆగిపోయారు. వెంగమ్మ పుస్తకంలోనూ పేజీ తిరిగిపోయింది. ఆమె గొంతు మాత్రం ఆగలేదు. అంతకుముందు తెరిచి ఉన్న పేజీలోని పాఠం ఎక్కడా తడబడకుండా చివరిదాకా అలా సాగిపోయింది.

దగ్గరికి వెళ్ళి, తిరిగిన పేజీ మీద వేలు పెట్టాను. "ఇక్కడేముందో చదువు."

చూసింది. చాలాసేపు చూసింది. "ఇది ఇంకా పాళ్ళేదు గదండీ" అంది.

"పాడటమేంటే?"

"అందరం కలిసి పాడతాం గదా."

ఈ పిల్ల ఇన్నేళ్ళుగా, ఎన్ని బళ్ళు మారినా, చదువంటే పాటే అనుకుంది. ఆ పాట ఎక్కడికి వెళ్ళినా ఒకటే కాబట్టి ఎవరికీ దొరకలేదు. "మరి నువ్వొక్కదానివే ఎప్పుడూ చదవలేదా?" అని అడిగాను.

"ఎవురూ అడగలా" అంది. తనకీ చాన్నాళ్ళుగా అర్థంకాని సంగతేదో అడుగుతున్నట్టు అడిగింది: "చేలో అయితే ఎవురి సాలు వాళ్ళదే గదండీ. ఈడేంది, అందరూ ఒకే సాలు మీద పడతారు?"

ఆ సాయంత్రం మిగతా పిల్లల్ని కూడా ఒక్కొక్కరినే పిలిచి, పాఠం కాని పేజీ చూపించి చదవమన్నాను. వాళ్ళు ఊరి పిల్లలే, వానొచ్చినా వరదొచ్చినా బడి మానని పిల్లలే. సగానికి సగం మంది గుటకలు మింగారు. హెచ్ఎం గారిని పిలిచాను. ఆయన ఇద్దరు ముగ్గుర్ని చదివించి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏడాదంతా వచ్చారు కదా మేడం వీళ్ళు!"

"వచ్చారండీ. కోరస్‌లోకి వచ్చారు."

"మరి నేనిచ్చిన గంటేం చేస్తారు?"

"అది నాకివ్వండి, కావాలి. పాట మాత్రం ఆపేద్దాం" అన్నాను. ఆయన తలూపి, వరండా కూడా వాడుకోమన్నారు.

మర్నాటి నుంచి వరండాలో ఎవరి సాలు వాళ్ళది. పిల్లలందరినీ ఎడంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి "ఏదైనా ఒక మాట చెప్పు" అనేదాన్ని. చెప్పిన మాటనే వాళ్ళ ముందు గచ్చు మీద సుద్దముక్కతో రాసి చదివించేదాన్ని. ఒకరు చదువుతుంటే పక్కవాళ్ళు అందించకూడదు. మొదటి రోజు ఎంత నిశ్శబ్దమో! అలవాటులేని ఆ నిశ్శబ్దంలో పిల్లలు గొంతే పెగలక బిక్కమొహం వేశారు.

వెంగమ్మని అడిగితే, "కల చెప్పొచ్చా?" అంది.

"చెప్పవే."

"చేలన్నీ నీళ్ళైపోయినై. ఎర్రటి నీళ్ళు. మా అమ్మ ఆ నీళ్ళ మీద తేలతా పోతంది. పిలిస్తే ఇనపళ్ళా."

రాశాను. తన నోట్లోంచి వచ్చిన మాట నేల మీద తెల్లగా పడుకుని ఉండటం చూసి ఆ పిల్ల వంగిపోయింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, "ఇది అమ్మా? అమ్మ ఇంతేనా?" అంది. అమ్మని పట్టుకుంది. నీళ్ళని పట్టుకుంది. తర్వాత పుస్తకంలో ఎక్కడ అమ్మ కనపడినా ఎగిరి గంతేసేది. రోజూ ఒక కల తెచ్చేది. వాళ్ళ కొండ మీది రాళ్ళు లేచి నిలబడి ఒళ్ళు విరుచుకున్నాయని ఒకనాడు, పత్తి చేలోని పత్తి అంతా మబ్బుల్లోకి పోయిందని ఒకనాడు. నాకు అనుమానమొచ్చి, "కల రాని రోజు ఏం చేస్తావే?" అంటే, "ఎండలో కూచుని కంటానండీ" అంది. దాన్ని చూసి క్లాసంతా కలలు మొదలుపెట్టింది. ఒకడికి రోజూ బిర్యానీయే కలలోకి వచ్చేది. వాడు బిర్యానీ దగ్గర మొదలుపెట్టి మెల్లగా ఒత్తులన్నీ నేర్చుకున్నాడు.

ఆ నెలలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అవే ఒక కలలా ఉంటాయి. మంచు, ఘాటు, వరండా నిండా సుద్ద అక్షరాలు, వాటిని తొక్కకుండా పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ లోపలికి పోవడం. వెంగమ్మ చిన్న చిన్న మాటలు దాటి వాక్యాల్లోకి వచ్చింది. ఇంకొన్నాళ్ళుంటే పేరాలు కూడా లాగించేస్తుంది అనుకున్నాను.

ఆ ఇంకొన్నాళ్ళే లేకపోయాయి. తామర పురుగు పడి చేలు ముడుచుకుపోయాయి. కోతలు అనుకున్నదానికంటే ముందే ముగిశాయి. ఒకరోజు మాలకొండయ్య వచ్చి, ఎప్పట్లాగే గుమ్మం బయట నిలబడి, "పోతన్నాం మేడం" అన్నాడు.

"పరీక్ష దాకా పిల్లని మా ఇంట్లో ఉంచవయ్యా. నా కూతుర్లా చూసుకుంటాను" అన్నాను. బతిమాలాను. చివరికి అరిచాను కూడా.

"మీ మీద నమ్మకం లేక గాదు. వాళ్ళమ్మ ఉండలేదండీ" అన్నాడు. లారీ మూటల మీద తల్లి పక్కన కూర్చున్న వెంగమ్మ దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ వెళ్ళి ఉంటుందని నన్ను నేను ఓదార్చుకున్నాను. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. హెచ్ఎం గారు మాత్రం, "నేను చెప్పలా మేడం, టైము కూడా కావాలని" అని మెల్లగా అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు.

పరీక్ష వాళ్ళ ఊరి వైపే రాసింది. గట్టెక్కింది గానీ మొదటి విడతలో సీటు రాలేదు. మిగిలిన సీట్ల కోసం ఫలానా రోజు గురుకులానికే వచ్చి కనుక్కోమన్నారట. ఆ రోజు నేను డాబా మీద మాగాయ ముక్కలు ఎండబోస్తుంటే ఫోన్ మోగింది. మాలకొండయ్య.

"మేడం, గేటు మూసుంది. మడిసి జాడ లేదు. బోర్డేదో తగిలించారు. ఇది చదువుతానంటంది, ఇనండి."

ఎండలో నిలబడిపోయాను. ఎక్కడో కనిగిరి వైపు గాలి హోరు ఫోన్లో వినపడుతోంది. ఆ హోరులోంచి వెంగమ్మ గొంతు, ఒక్కటే గొంతు, నడక నేర్చుకుంటున్నట్టు వచ్చింది.

"ఐదో... తరగతి... సీట్లు... అన్నీ... భర్తీ... అయినవి."

ఆగింది. "భర్తీ అంటే ఏందండీ?"

ఎంత చక్కగా చదివిందో అని ఒకపక్క ఒళ్ళు పులకరిస్తోంది, ఇంకోపక్క ఏడుపొస్తోంది. "నిండిపోయాయని, తల్లీ" అన్నాను.

"అయితే నాకు లేదన్నమాట."

"లేదమ్మా."

"నేను తప్పు చదివానేమో. మళ్ళీ చదవనా?"

చదివింది. తప్పు చదవవే, ఒక్క మాట తప్పు చదువు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఈసారి తడబాటు కూడా లేకుండా చదివేసింది.

తర్వాత ఫోన్ మాలకొండయ్య తీసుకున్నాడు. "సీటు రాలేదటయ్యా" అన్నాను.

"ఇన్నాను మేడం." అతని గొంతులో బాధకంటే వేరే ఏదో ఉంది. "మీరూ ఇన్నారు గదా? ఒక్కటే చదివింది. ఎనకాల అందిచ్చేవాళ్ళు ఎవురూ లేరు. మా ఇంటా వంటా బోర్డు చదివినోళ్ళు లేరండీ." గొంతు సవరించుకున్నాడు. "సీటు పోతే పోయింది. వచ్చే కోతలకి మేమిద్దరమే వస్తాం. దీన్ని మా అమ్మకాడ ఉంచి మా ఊరి బడికే పంపుతా. ఇంత చదివేదాన్ని చేలో ఎట్టా దించేది?"

ఇప్పుడు ట్రైనింగుల్లో టీచర్లందరం కలిసినప్పుడు, బడి రోజులు పెంచితే చదువొస్తుందా, చెప్పే తీరు మారితే వస్తుందా అని వాదన పడుతుంటుంది. రెండూ కావాలని నాకు తెలుసు. వెంగమ్మకి ఇంకొన్నాళ్ళు దొరికి ఉంటే ఆ సీటు వచ్చేదేమో కూడా. కానీ ఆ పిల్ల దగ్గర నేను నేర్చుకున్నది ఇది: రోజులు ముందిస్తే చదువు వెనక వస్తుందని మనం అనుకుంటాం. మాలకొండయ్య మాత్రం చదువు చెవులారా విన్నాకే కూతురికి రోజులిచ్చాడు.

మరుసటి జనవరిలో కోతలు మొదలయ్యాక, పొద్దున్నే మంచులో గేటు దగ్గర నిలబడి వచ్చే కూలీలని చూస్తూ ఉన్నాను. మాలకొండయ్య, అతని భార్య ఇద్దరే వచ్చారు. వెనక ఎవరూ లేరు. నా ఇన్నేళ్ళ సర్వీసులో ఒక పిల్ల బడికి రాలేదని సంతోషంతో కళ్ళు తుడుచుకోవడం అదే మొదటిసారి.