కొట్టేయని ఐదు శాతం

మా కెమిస్ట్రీ సారు పోయారని ఆదోని కాలేజీ ల్యాబ్ అటెండరు ఫోన్ చేశాడు. "పాపా, సారు గుండె ఆగి పోయినాడు. ఎల్లుండి కాలేజీలో సంతాప సభ పెడతాండారు, నువ్వు రావాల" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే రాస్తున్నాను.

మాది ఎమ్మిగనూరు. మా నాయన నూలుకు రంగులద్దుతాడు. మా వీధి కాలువ రోజుకో రంగులో పారేది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు చేరిన రోజు సారు నా గోళ్ల సందుల్లో ఎరుపు చూశారు. "మీ ఇంటి రంగునీళ్లను ఎండలో పెట్టి తేట చేసే పొడి ఉందమ్మా. చేద్దామా?" అన్నారు. నా గోళ్లను చూసి మొహం తిప్పుకోని మొదటి అయ్యవారు ఆయనే.

ఆ పొడి జింక్ ఆక్సైడ్. చూడటానికి సున్నంలా తెల్లగా ఉంటుంది. ఒక్కో కణం వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. వెలుగు సోకితే నీళ్లలోని రంగును విరగ్గొడుతుంది. కాకపోతే అది పట్టుకునేది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో అవి కొంచెమే ఉంటాయి. అందులో రవ్వంత రాగి చేర్చి కాలిస్తే, అక్కడక్కడా జింకు ఉండాల్సిన చోట రాగి కూర్చుంటుంది. పొడి బూడిదరంగుకు తిరిగి, కంటికి కనిపించే వెలుగుతో కూడా పనిచేస్తుంది. దీన్నే డోపింగ్ అంటారు. సారు మాత్రం పాలకు తోడెయ్యడం అనేవారు.

సారు త్రాసు ముందు కూర్చునే ముందు ఫ్యాను ఆపించేవారు. ఆదోని ఎండల్లో చొక్కా వీపుకు అతుక్కుపోతున్నా, ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టేవారు. ఆయన రెండు శాతం రాగి వేయమంటే ఒకరోజు నేను ఐదు వేశాను. రంగు పట్టకపోతే ఇంకో చిటికెడు వేయడమే మా ఇంట్లో నేర్చిన విద్య. పొడి ముదురుగా వచ్చింది, మురిసిపోయాను. తీరా ఎండలో పెడితే సాయంత్రానికి కూడా నీళ్లు ఎర్రగానే ఉన్నాయి.

సారు తిట్టలేదు. అదే ఐదు శాతం తన చేత్తో మూడుసార్లు చేసి చూశారు. మూడుసార్లూ అంతే. "రాగి ఎక్కువయితే లోపల ఇమడలేక పక్కన వేరే గడ్డ కడతాది పాపా. వెలుగు పుట్టించిన శక్తి రంగు దాకా పోకుండానే ఆడే సచ్చిపోతాది. తోడు ఎక్కువేస్తే పెరుగు పుల్లగయితాది గదా, ఇదీ అంతే" అన్నారు. ఎంతకు ఆపాలో నా తప్పు చెప్పిందని సంబరపడ్డారు.

అప్పుడు సారు తన పీహెచ్‌డీ రాస్తున్నారు. రాగి పెరిగేకొద్దీ పని పెరుగుతుందని ఆయన గైడు అంతకుముందే ఓ వ్యాసం అచ్చేసుకున్నాడు. ఐదు శాతం దగ్గర కిందికి దిగిన ఆ ఒక్క చుక్కను గ్రాఫులోంచి కొట్టేస్తేనే సంతకం పెడతానన్నాడు. సారు కొట్టేయలేదు. గైడు సంతకం పెట్టలేదు. ఏళ్లు గడిచాయి.

నేను ఏడ్చి బతిమాలాను. "అది నా తప్పు సార్, తీసేయండి."

"తప్పు నీదే పాపా. ఫలితం నీది గాదు, పొడిది. దాన్ని కొట్టేసేకి మనమెవురం?"

సభకు వెళ్లేసరికి సారు ఫ్లెక్సీ మీద పేరుకు ముందు 'డాక్టర్' అని ఉంది. వేదిక మీద పూలదండ పట్టుకుని ఆ గైడే కూర్చున్నాడు. బతికుండగా ఇవ్వని దాన్ని శవానికి తగిలించడానికి ఎంత తీరిక! నేను అడిగితే అటెండరు మా సారు డ్రాయరు తెరిచి, ఆయన రాతతో చీటీలున్న రెండు పొట్లాలు నా చేతిలో పెట్టాడు. మా నాయన ఎర్రరంగు తొట్టి నీళ్లను పలచన చేసి రెండు గాజు సీసాల్లో ఇంటి నుంచే తెచ్చుకున్నాను. ఒకదాంట్లో రెండు శాతం, ఇంకోదాంట్లో ఐదు శాతం పొడి వేసి, షామియానా బయట ఎండలో పెట్టాను. ఉపన్యాసాలు సాగినంతసేపూ లేచి వెళ్లి కుదిపి వచ్చాను. అందరూ నన్ను వింతగా చూశారు. చూడనీ.

చివర్లో నన్ను మాట్లాడమన్నారు. సీసాలు రెండూ తెచ్చి సారు ఫోటో ముందు, తెల్లగుడ్డ మీద పెట్టాను. "మా సారు డాక్టర్ కాదు. కానివ్వలేదు. ఆ మాట చెరిపేయండి" అన్నాను.

"ఏందమ్మా ఇవి?" అన్నాడు గైడు.

"ఒకటి మీరు కొట్టేయమన్నది సార్."

జనం లేచి బొరుగుల ఉగ్గాని పొట్లాల వైపు నడిచారు. షామియానా సందులోంచి ఎండ బల్ల మీద పడుతోంది. పొడి అడుగుకు దిగిపోయింది. ఒక సీసా పక్కన గుడ్డ తెల్లగానే ఉంది. ఐదు శాతం సీసా పక్కన, పూల మధ్య, అరచేయంత ఎర్రటి వెలుగు నిలిచి ఉంది.