మునిరత్నం డబ్బాలో రేడియో లేదు

నిన్న సాయంత్రం ఏడున్నరకు షాపులో ఒక టీవీ వెనక మూత విప్పుతున్నాను. ఫోను మోగింది.

"మునిరత్నం పోయినాడప్పా. తిరుచానూరు రోడ్డులో ట్రాక్టరు గుద్దేసింది."

షట్టర్ కూడా దించకుండా, చేతిలో స్క్రూడ్రైవర్‌తోనే పరుగెత్తాను.

మన టెన్త్ బ్యాచ్ మునిరత్నం. రోజూ తిరుచానూరు నుంచి సైకిల్ మీద పూలగంప కట్టుకుని అలిపిరి దాకా పోయి, మెట్లెక్కే భక్తులకు మాలలు అమ్మి, చీకటి పడ్డాక ఇంటికి తిరిగొచ్చే మన మునిరత్నం.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

కానీ ఈ పోస్ట్ ఏడవడానికి పెట్టడం లేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

నిన్నటి నుంచి ఒకటే మాట. ఆస్పత్రి దగ్గర, టీ కొట్టు దగ్గర, ఆఖరికి మన బ్యాచ్ గ్రూపులో కూడా. రేడియో వింటూ తొక్కి ఉంటాడంట. ఆ డబ్బా కొన్నప్పుడే అనుకున్నారంట. పొద్దున ఒక పెద్దమనిషి శవం పక్కనే నిలబడి "సైకిల్‌కి రేడియో ఏంటికబ్బా?" అన్నాడు.

ఆ డబ్బా మీ అందరికీ తెలుసు. సైకిల్ హ్యాండిల్‌కు బిగించుకోడానికి చెన్నైలో కొన్న ఫైవ్ ఇన్ వన్. లైటు, హారన్, గడియారం, ఎఫ్ఎం రేడియో. హ్యాండిల్ నుంచి ఊడదీస్తే టార్చ్. కొన్న రోజు వాడు ప్రతి షాపు ముందూ ఆగి చూపించాడు.

దాన్ని అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే. రిపేరు చేసేవాణ్ణి కదా. "ఒక్క బ్యాటరీ మీద ఐదు బతకాల్నా? రేడియో పాడితే లైటు సన్నబడతాది. ఒకటి చెడితే అన్నీ పండుకుంటాయి. మర్యాదగా డైనమో బిగించుకోప్పా" అని ఎన్నిసార్లు చెప్పానో.

ఒకసారి వానకు లోపల నీళ్ళు పోయి హారన్ ఇరుక్కుపోయింది. ఎనిమిది ట్యూన్లూ వరసగా మోగించుకుంటూ అమ్మవారి గుడి వీధిలో పోతుంటే పెళ్ళి బ్యాండు వాళ్ళు వాయించడం ఆపి మరీ చూశారు. వీడు సిగ్గుపడలేదు. వాళ్ళకు చెయ్యి ఊపి, అట్లే నా షాపు దాకా తొక్కుకుంటూ వచ్చి "సూడప్పా, ఎంత బాగా పాడతాండాదో!" అన్నాడు.

ఆ రోజే "రేడియో మునిరత్నం" అని పేరు పెట్టాను. గ్రూపులో కూడా రాశాను. మీరంతా పడిపడి నవ్వారు.

వాడి వాదన వాడికి ఉండేది. "డైనమో ఏస్తే కాలు గుంజుతాది. గంప బరువుతో తొక్కేవాడికి తెలుస్తాది ఆ నొప్పి. పైగా సైకిల్ నిలిస్తే ఆ లైటు ఆరిపోతాది. ఇది నేను నిలిచిపోయినా ఎలగతానే ఉంటాదప్పా." తెల్లారి మాలలు కట్టేటప్పుడు కరెంటు పోతే ఇంట్లో ఆ టార్చే దిక్కు.

నేను ఒప్పుకోలేదు. నాకు తెలిసినంత వాడికి తెలియదనుకున్నాను.

ఇప్పుడు వాడు చెప్పొద్దన్న మాట ఒకటి చెప్తున్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం వచ్చి ఆ డబ్బా నా టేబుల్ మీద పెట్టాడు. "నువ్వు అన్నట్టే రేడియో పెడితే లైటు తగ్గిపోతాండాదప్పా. మల్లెల సీజను, ఇంటికి పొయ్యేలోపల ఇంకా పొద్దు పోతాండాది. రోడ్డు కనపడాల. ఉంటే పెట్టకుండా ఉండలేను, ఆ రేడియో వైరు కత్తిరించేయ్" అన్నాడు.

కత్తిరించాను. టేపు చుట్టాను. నా చేతులతో.

మెట్టు దిగుతూ వెనక్కి తిరిగి, "బ్యాచ్‌లో చెప్పొద్దప్పా, నగుతారు" అన్నాడు.

నెల రోజులుగా ఆ డబ్బాలో రేడియో పలకదు. అర్థమైందా?

మరి రేడియో వింటూ పోయాడని చెప్పింది ఎవరు? ఆ ట్రాక్టరు డ్రైవరు. ఇటుకల లోడుతో, హెడ్‌లైటు లేకుండా, రాంగ్ సైడులో వచ్చినవాడు. "సైకిల్‌కు లైటు లేదు సార్, రేడియో వింటా అడ్డం వచ్చినాడు" అని స్టేషన్‌లో చెప్పాడు. ఊరంతా తల ఊపింది. ఎందుకు ఊపదు? పేరే రేడియో మునిరత్నం కదా. ఆ పేరు పెట్టినవాణ్ణి చెప్పుతో కొట్టాలి. ఆ వెధవను నేనే.

లైటు లేదా?

నేను పోయేసరికి సైకిల్ కాలువ పక్కన పడి ఉంది. ముందు చక్రం వంగిపోయింది. లైటు వెలుగుతోంది. వాడి చెప్పు ఒకటి ఎక్కడ పడిందో ఆ వెలుగులోనే కనిపించింది నాకు.

డైనమో అయితే అప్పటికే ఆరిపోయేది.

ఈ పొద్దున వాడి భార్య నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, పాటలు వింటా పోయినాడంట. నిజమేనా? ఇద్దరు బిడ్డల్ని పెట్టుకోని అంత అజాగ్రత్తగా పోతాడా ఆ మనిషి?" అని అడిగింది. వైరు సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు వాడు. అంతా చెప్పాను. ఆమె నిన్నటి నుంచి ఏడవలేదట. అప్పుడు ఏడ్చింది.

రేపు పొద్దున పదికి స్టేషన్‌కు పోతున్నాను. సైకిల్‌తో పాటు డబ్బా కూడా అక్కడే ఉంది. వాళ్ళ ముందరే మూత విప్పి తెగిన వైరు చూపిస్తాను. నేనే కత్తిరించానని రాసి సంతకం పెడతాను. ఆ రోజు గ్రూపులో నవ్విన వాళ్ళందరూ నాతో రండి. రాలేకపోతే కనీసం ఆ రేడియో మాట ఇంకెక్కడా అనొద్దు.

పోయిరా మునిరత్నం.

మాట తప్పినాను, కోపం చేసుకోవద్దప్పా.

నువ్వు చెప్పిందే కరెక్టు. నువ్వు నిలిచిపోయినా అది వెలుగుతానే ఉండింది.

ఇంక నిమ్మళంగా పండుకో.